నూరు గ్రాముల పెద్దమనిషి

కర్నూలు అవుట్‌డోర్ స్టేడియంలో గానీ, కడప ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో గానీ పొద్దున ఆరు గంటలకు ఆయన్ను వెతకాల్సిన పనిలేదు. అందరూ ముందుకు నడుస్తుంటే ఒకాయన వెనక్కి తిరిగి నడుస్తుంటాడు, వెనకొచ్చేవాళ్లకు తన మాట వినపడాలని. ఆ మాట "నూరు గ్రాములకు" అని మొదలైతే ఆయనే. కర్నూల్లో అయితే ఇరిగేషన్ ఆఫీసు నుంచి రిటైరై ఉంటాడు, కడపలో అయితే బ్యాంకు నుంచో ఆర్టీసీ నుంచో. ఉద్యోగం చేసినన్నాళ్లూ తిండి గురించి ఆయన అన్నది ఒకటే మాట: "ఇంకొంచెం వెయ్." మూడు నెలల షుగరు రిపోర్టు చేతికొచ్చిన వారంలోనే శాస్త్రం పట్టుబడింది.

మనబోటివాళ్లకు పండు పండే, గడ్డ గడ్డే. ఆయనకు మాత్రం అవి ఊళ్లో రెండు పార్టీలు. మధ్యస్థంగా ఉంటే కుదరదు, ఏదో ఒక పక్కన నిలబడాల్సిందే. సంక్రాంతి దాకా అరటిపండు పార్టీలో ఉన్నాయన, శ్రీశైలానికి నడిచిపోయే శివరాత్రి భక్తులు రోడ్డెక్కేసరికి గెనుసుగడ్డ పార్టీలో తేలతాడు. ఎందుకు మారినావన్నా అంటే, "కొత్త డేటా వచ్చిందప్పా" అంటాడు. మన నాయకులు ఆ మాత్రం కారణం కూడా చెప్పరు.

అరటి పార్టీలో ఉన్నప్పుడు ఆయన వాదన పులివెందులలో మొదలవుతుంది. అక్కడి జీ-నైన్ తోటలు, డ్రిప్పు పైపులు, గెలలకు తొడిగిన సంచులు అన్నీ చెప్పి, 2020లో తాడిపత్రి స్టేషన్ నుంచి అరటిపండ్లు ఏసీ కంటైనర్లలో రైలెక్కి ముంబయి ఓడరేవుకు పోయిన సంగతి దగ్గర ఆగుతాడు. "గెనుసుగడ్డ ఎప్పుడన్నా ఏసీ రైలెక్కిందా?" అని అడుగుతాడు. రైలెక్కితే పొటాషియం పెరుగుతుందా అని ఎదురడిగే ధైర్యం పొద్దున్నే ఎవరికీ ఉండదు.

పార్టీ మారినాక అదే గొంతు. "2016లో ప్రపంచ ఆహార బహుమతి ఎవరికొచ్చిందో తెలుసా? గెనుసుగడ్డకు!" ఇందులో కొంత నిజముంది. విటమిన్ ఏ లోపంతో బాధపడే ఆఫ్రికా పిల్లల కోసం నారింజరంగు గెనుసుగడ్డను పొలాలకూ ఇళ్లకూ చేర్చిన శాస్త్రవేత్తలకు ఆ ఏడాది బహుమతి ఇచ్చినారు. ఈయన శాస్త్రవేత్తలను పక్కనబెట్టి దండ గడ్డకు వేస్తాడు.

అంకెలు అడిగితే అసలు వినోదం. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలో నూరు గ్రాముల అరటిపండుకు 89 కేలరీలు, పచ్చి గెనుసుగడ్డకు 86. పొటాషియం పండుకు 358 మిల్లీగ్రాములు, గడ్డకు 337. పిండిపదార్థం, పీచు కూడా దాదాపు సరిసమానం. ఇంత దగ్గరి బంధువుల మధ్య ఇంత పగ ఎందుకో ఆయనకే తెలియాలి. మూడు కేలరీల తేడా మీద మూడు రౌండ్లు మాట్లాడతాడు. ఆ మాట్లాడటానికి ఖర్చయ్యేది అంతకంటే ఎక్కువే.

అమెరికా లెక్క ఎదురు తిరిగితే హైదరాబాదుకు వస్తాడు. "మన ఎన్ఐఎన్ వాళ్లేం చెప్పినారంటే..." 1918లో కూనూరులో మెక్‌కారిసన్ ఒక్క గదిలో మొదలుపెట్టిన పరిశోధన 1958లో హైదరాబాదు చేరి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. 1971లో వచ్చిన గోపాలన్ గారి పోషక విలువల పుస్తకం గురించి, తామిద్దరూ ఒకే బెంచీలో కూర్చుని చదువుకున్నట్టు చెబుతాడు. 2017 నాటి కొత్త పట్టికలో 528 రకాల తిండి పదార్థాలున్నాయి. అందులో ఆయన చూసింది రెండే.

ఒకసారి కొండారెడ్డి బురుజు దగ్గర ఉడకబెట్టిన గెనుసుగడ్డల బండి ముందు ఆగినాడు. ఫోన్లో నారింజరంగు గడ్డ బొమ్మ పెట్టి, బండి దగ్గరుండే ఆమెకు బీటా కెరోటిన్ గురించి పాఠం మొదలుపెట్టినాడు. ఆమె మాట్లాడకుండా ఒక గడ్డ తీసి నడిమికి విరిచింది. పొగలు కక్కుతా లోపలంతా తెల్లగా ఉంది, నారలు దారాల్లాగా సాగినాయి. తెల్లగడ్డలో ఆ కెరోటిన్ దాదాపు ఉండదు.

"ఫోన్లో గడ్డ ఫోన్లోనే తిను సామీ. ఇది కావాల్నా, వద్దా?"

"నూరు గ్రాములియ్యక్కా."

"నూరు గ్రాములు యాడ కోసియ్యాల? గడ్డే నూటయాభై ఉంటాది!"

నా దృష్టిలో ఈ శాస్త్రమంతటికీ జవాబు ఆమె దగ్గరే ఉంది. పట్టికలో నూరు గ్రాములుంటాయి గానీ బండి మీద ఉండవు. పైగా పట్టికలో అంకె కదలదు, తిండి కదులుతుంది. పచ్చి అరటికాయలో చక్కెర కంటే పిండే ఎక్కువ. పండేకొద్దీ అది చక్కెరవుతుంది, తొక్క మీద నల్లమచ్చలు పడేసరికి పూర్తి తీపి. గెనుసుగడ్డ ఆ పనే పొయ్యి మీద చేస్తుంది. నీళ్లలో ఉడికితే రక్తంలో చక్కెర నిదానంగా పెరుగుతుంది, నిప్పుల్లో కాలిస్తే గబగబా ఎక్కుతుంది. ఏ పండు, ఎన్నాళ్లు మాగింది, ఏ గడ్డ, ఎట్లా వండినారు అని అడక్కుండా గెలుపోటములు చెప్పడం ఆయనకే చెల్లింది.

ఈ యుద్ధమంతా అయ్యేసరికి ఆకలేస్తుంది కదా. గ్రౌండు బయట టిఫిన్ బండి దగ్గర ఒక ప్లేటు ఉగ్గాని, మూడు మిరపకాయ బజ్జీలు. బజ్జీకి నూరు గ్రాముల లెక్క లేదు. అది ఏ పార్టీలోనూ లేదు, స్వతంత్ర అభ్యర్థి. మధ్యాహ్నం ఇంట్లో సంగటి. రాగి షుగరుకు మంచిదని పిల్లాడి తలకాయంత ముద్ద పెట్టించుకుంటాడు. అందులో సగం బియ్యమేనని వండిన ఆమెకు తెలుసు. ఆయన అడగడు, ఆమె చెప్పదు.

పోయిన నెల డాక్టరును నేరుగా అడిగినాడట, పండా గడ్డా తేల్చి చెప్పమని. బయట ఇరవై మంది రోగులున్నారు. "రెండిట్లో ఏదైనా పర్వాలేదు, కొంచెం తినండి" అన్నాడాయన. ఈయన ఇంటికొచ్చి భార్యతో, "రెండూ పర్వాలేదన్నాడు" అన్నాడు. ఒక చేతిలో డజను అరటిపండ్లు, ఇంకో చేతిలో సంచి.

"కొంచెం అనలేదా?"

"అన్నాడు. ఎన్ని గ్రాములో చెప్పలేదు."

ఆమె సంచి బోర్లించింది. గెనుసుగడ్డల కింద అరకిలో క్యారెట్లు కూడా ఉన్నాయి. వాటికి పోటీగా చీనీకాయలు రేపు తెస్తాడట.