మోచేతి మడతలో చప్పుడు

నేను బీపీ మిషన్ని. మూత తెరిస్తే గాజు గొట్టంలో పాదరసం నిలబడే పాత రకం దాన్ని. ఆనందపురం జంక్షన్ దగ్గర ఒక చిన్న క్లినిక్‌లో, డాక్టరమ్మ బల్ల మీదే నా బతుకంతా గడిచింది. కిటికీలోంచి పూల మార్కెట్ వాసన వస్తుంది. బంతి, చామంతి, లిల్లీ. వెనకాల పదహారో నంబరు హైవే మీద లారీల మోత.

మా వంశానికి మూలపురుషుడు ఇటలీవాడు. 1896లో టురిన్ నగరంలో రివా రోచీ అనే వైద్యుడు దండచేతికి పట్టీ చుట్టి, పాదరసంతో రక్తపోటు కొలిచాడు. 1905లో రష్యా వైద్యుడు కొరొట్కోవ్ మోచేతి మడతలో స్టెత్ ఆనించి, పట్టీ వదులవుతున్నప్పుడు ధమనిలో పుట్టే చప్పుడు విన్నాడు. ఆ చప్పుడు మొదలైన చోట పై అంకె, ఆగిన చోట కింది అంకె. నిన్నమొన్నటిదాకా నా పని అదే.

ఇన్ని చేతుల్ని చుట్టుకున్నాను కాబట్టి ధమని మనసు నాకు తెలుసు. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆరోగ్యమైన పెద్ద ధమని కాస్త సాగుతుంది. వచ్చిన పోటును కడుపులో దాచుకుని, గుండె సేదతీరే క్షణంలో మెల్లగా ముందుకు సాగనంపుతుంది. వయసు, పొగ, షుగరు జబ్బు ఆ సాగే గుణాన్ని తినేస్తాయి. గోడ బిరుసెక్కాక పై అంకె ఎగబాకుతుంది. పెద్ద వయసులో కింది అంకె జారిపోతుంది కూడా. రెంటి మధ్యా దూరం పెరిగిన చేతిని చుట్టుకున్నప్పుడల్లా నాకు దిగులే.

ఒకనాడు మార్కెట్లో పూల మూటలు మోసే యాభై ఏళ్ల మనిషి వచ్చాడు. పాదరసం 160 దగ్గర ఉండగా చప్పుడు మొదలై, 100 దగ్గర ఆగింది. డాక్టరమ్మ మాత్ర రాసి, రోజూ నడవమంది.

"రోజంతా మూటలు మోత్తన్నాను కదమ్మా! ఇంకేటి నడిసేది?"

ఆ ప్రశ్న న్యాయమైనదే. ఆమె కలం పక్కన పెట్టి, ఓపిగ్గా చెప్పింది. మూట ఎత్తినప్పుడు ఊపిరి బిగబడుతుంది, కండరాలు బిగుసుకుని రక్తనాళాల్ని నొక్కుతాయి, పోటు ఒక్కసారి పైకి లేస్తుంది. అలా గంటల తరబడి, విశ్రాంతి లేకుండా. చేతులూపుకుంటూ వడిగా నడిస్తే రక్తం ఒక తూగులో పారుతుంది. ఆ పారకం తగిలి ధమని లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును విడుస్తుంది, గోడ కండరం వదులవుతుంది. ఈ వాయువు సంగతి కనిపెట్టినందుకే 1998లో ముగ్గురికి నోబెల్ ఇచ్చారు. కోపెన్‌హాగెన్‌లో లక్షకు పైగా పెద్దల్ని దాదాపు పదేళ్లు గమనించి, 2021లో ఒక అధ్యయనం వెలువరించారు. తీరిక వేళ వ్యాయామం చేసేవాళ్లలో గుండెజబ్బులు, చావులు తక్కువ. బతుకుతెరువు కోసం ఒళ్లు విరుచుకునేవాళ్లలో ఎక్కువ. పనిలో కోలుకునే వ్యవధి దొరక్కపోవడం ఒక కారణం కావచ్చని ఆ పరిశోధకుల ఊహ.

కూలివాడికి వ్యాయామం ఎందుకనే మాట ఈ బల్ల ముందు ఎన్నిసార్లు విన్నానో! అది తప్పు మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం అందరికంటే అతనికే ఎక్కువ బాకీ.

ఆరు నెలలకు అతను మళ్లీ వచ్చాడు. 136, 86. మాత్ర మానలేదు, నడకా మానలేదు. అధిక రక్తపోటు ఉన్నవాళ్లకు క్రమం తప్పని నడక పై అంకెను ఐదు నుంచి ఎనిమిది దాకా దించుతుందని డాక్టరమ్మ లెక్క. మిగతాది మాత్ర పుణ్యం. అతను మాత్రం వేరే సంగతి చెప్పాడు.

"ఉత్త సేతుల్తో నడుత్తుంటే మొదట్లో సిగ్గేసిందమ్మా. పనీ పాటా లేదేటి ఈడికి అనుకుంటారని. ఇప్పుడు మా ఇంటిది కూడా వత్తంది."

ఎక్కడ నడుస్తున్నావని అడిగితే హైవే పక్కన అన్నాడు. లారీల లైట్ల మధ్య, పొగలో! విశాఖ బీచ్ రోడ్డులో తెల్లవారుజామున బళ్లు ఆపి, దారి నడిచేవాళ్లకు వదులుతారు. ఆ భాగ్యం మూటలు దించినవాళ్లకు ఇంకా రాలేదు.

పాదరసం నేలకూ నీటికీ విషమని 2013లో మినమాటా ఒప్పందం కుదిరింది. నాలాంటివాళ్లను పక్కన పెడుతున్నారు. అది సబబే. నా చోటికి అంకెల మిషన్ వచ్చేసింది. వెళ్లేముందు ఊరి పెద్దలకు నాదొక మనవి. చెరువు గట్టునైనా చదును చేయించి, నాలుగు దీపాలు పెట్టించండి. మార్కెట్ ముగిశాక వాళ్లిద్దరూ అక్కడ నడుస్తారు.