మైనస్ 699 మిల్లీమీటర్ల వాన

మా కారేపల్లి సింగరేణి మండల కేంద్రం. సింగరేణి కంపెనీ పెద్దాఫీసేమో కొత్తగూడెంలో. మండలం పేరు చెబితే బయటివాళ్లు "ఏ గనిలో పని?" అంటారు. చీటీ మీద ఒకటి, డబ్బాలో ఒకటి ఉండడం మాకు పుట్టినప్పటి నుంచీ అలవాటే. అయినా మొన్న మా మేనల్లుడు కాలేజీ ప్రాజెక్టు పట్టుకొచ్చి ల్యాప్‌టాప్ నా వైపు తిప్పేసరికి నాకూ నోట మాట రాలేదు.

"మామయ్యా, జులైలో మన దగ్గర మైనస్ 699 మిల్లీమీటర్ల వాన పడింది."

అంటే కింది నుంచి పైకి కురిసిందన్నమాట. తవ్వి చూస్తే 30 రోజుల వాన కలిపి 300 మిల్లీమీటర్లు. మిగిలిన ఒక్క రోజు గడిలో -999 ఉంది. "ఆ రోజు లెక్క రాలేదు" అనడానికి శాస్త్రవేత్తలు పెట్టుకున్న ముద్దుపేరు అది. అంకెల గడిలో అక్షరం పట్టదు, ఒప్పుకుంటాను. కానీ ముద్దుపేరు ఒక్కటైతేగా! మన వాతావరణ శాఖ దేశాన్ని గళ్లుగా కోసి ఇచ్చే లెక్కల్లో వానకు -999, ఉష్ణోగ్రతకు 99.9. మే నెలలో 45 డిగ్రీలు చూసిన ఖమ్మం జిల్లావాడికి 99.9 మరీ అంత వింతగా ఏం కనబడుతుంది? 30 రోజులు 42 డిగ్రీలుండి, ఒక్క రోజు 99.9 దూరితే నెల సగటు దాదాపు 44కి ఎగబాకుతుంది. ఆ పైన "మండుతున్న మన్యం" అని శీర్షిక పెట్టడం మా పత్రికలవాళ్ల వంతు.

ఈ గోలకు మందుగా పెద్దలు ఒక పద్ధతి రాసుకున్నారు. నెట్‌సీడీఎఫ్ అనే ఫైళ్లకు సీఎఫ్ కన్వెన్షన్లని ఉన్నాయి. ఫైలు నెత్తిన అంకెల హద్దులు రాయొచ్చు. వ్యాలిడ్ రేంజ్ అంటే ఉండదగిన హద్దు, యాక్చువల్ రేంజ్ అంటే నిజంగా వచ్చిన హద్దు. బాగుంది కదా? ఇక్కడే ఉంది కిటుకు. చోటు కలిసిరావడానికి అంకెల్ని కుదించి దాస్తారు, వాడేటప్పుడు విప్పుకోవాలి. వ్యాలిడ్ రేంజ్‌ను కుదించిన లెక్కలో రాయాలట, యాక్చువల్ రేంజ్‌ను విప్పిన లెక్కలో. బియ్యం మానికల్లో హద్దు చెప్పి, అన్నం మానికల్లో వచ్చింది చెప్పినట్టు! ఎసరు పెట్టడం తెలియనివాడు ఆ రెండూ పక్కపక్కన చూసి వంటమనిషిని దొంగంటాడు. -999 లాంటి ముద్దుపేరు రాసుకునే మిస్సింగ్ వ్యాల్యూ అనే గుర్తు సంగతీ ఇంతే. ఒకప్పుడు వద్దన్నారు, తర్వాత సరే ఉండనిమ్మన్నారు. మా ఇంట్లో పాత మంచం కథ.

ఇవన్నీ నవ్వి ఊరుకోవచ్చు. నా ఒళ్లు మండేది "హద్దు రాశాం, ఇక డేటా శుభ్రం" అనే ధీమాకి. హద్దు దాటిన అంకెను లేనట్టే చూడమని సాఫ్ట్‌వేర్‌కి ఆ పద్ధతే చెబుతుంది. మరి హద్దు గీసిందెవరు? ఏం చూసి గీశారు? ఫైలంతా వెతికినా ఆ ముక్క చాలాసార్లు దొరకదు.

భద్రాచలం దగ్గర గోదావరికి 43 అడుగులు మొదటి ప్రమాద హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. 53 దాటాక ఇంకెంత వస్తుందిలే అని ఏ గుమాస్తానో 70 దగ్గర వ్యాలిడ్ మాక్స్, అంటే పై హద్దు, కొట్టి టీకి వెళ్లాడనుకోండి. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగులు గల్లంతు. 2022 జులైలో వచ్చిన 71.3 అడుగులూ గల్లంతు. జనం ఇళ్లొదిలి పునరావాస కేంద్రాల్లో పడుకున్న రాత్రి, ఫైలులో మాత్రం "వివరాలు లేవు".

గుమాస్తా నా కల్పనే. ఇలాంటి పని పెద్ద పెద్దవాళ్లే చేశారు. నింబస్-7 ఉపగ్రహం ఓజోన్ కొలుస్తుంటే, 180 డాబ్సన్ యూనిట్ల కంటే తక్కువ వచ్చిన అంకెలకు అనుమానపు గుర్తు తగిలించి పక్కన పెట్టేలా నాసా ఏర్పాటు చేసింది. ఆకాశం అంత పలచబడదని నమ్మకం. అంటార్కిటికాలో హేలీ బే దగ్గర నేల మీంచి పాత పరికరంతో కొలుస్తున్న బ్రిటిష్‌వాళ్లు 1985లో ఓజోన్ తరుగుదలను లోకానికి చెప్పారు. నాసావాళ్ల అంకెలు ఎక్కడికీ పోలేదు, పక్కన పెట్టినచోటే ఉన్నాయి. పెట్టెలో నగ ఉండగా ఊరంతా వెతికినట్టయింది.

మావాడు -999 తీసేసి, ఆ గడిలో సున్నా పెట్టాడు. "ఇప్పుడు 300 వచ్చింది, రేంజ్‌లోనే ఉంది మామయ్యా" అని మురిసిపోయాడు. టీ కొట్టు దగ్గర మా పెదనాన్న వింటున్నాడు. తారీఖు అడిగి, గ్లాసు కింద పెట్టాడు.

"ఆ రోజా? చెరువు అలుగు పారింది ఆ రాత్రే కదరా. కరెంటు కూడా లేదు."