గంటాపథం: కప్పు కాఫీ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: ఈ పద్యం తాళపత్రాల్లో దొరికింది కాదు. అత్తాపూర్‌లో మెయిన్ రోడ్డు హోరు వినబడనంత లోపలి గల్లీలో ఉన్న ఒక చిన్న కేఫ్ బిల్లు వెనక, బాల్‌పెన్నుతో రాసి ఉంది. రాసింది నేనే. పొద్దుటి స్టేటస్ కాల్లో నా వంతు వచ్చేలోపు నాలుగు పాదాలూ పూర్తయ్యాయి. కవీ వ్యాఖ్యాతా ఒక్కడే అయితే కవి హృదయం గురించి తగాదా ఉండదు కదా అని ఈ రెండో పనికి కూడా నేనే పూనుకున్నాను.

మూలం (ఆటవెలది):

కప్పు కాఫితోడ గంటలు నాలుగు
ప్లగ్గు పక్క సీటు పదిలపరచి
మ్యూటులోన నుండి మూతిని కదపుచు
కొలువు చేయువాని గొప్ప గనుడు!

టీక: కప్పు కాఫితోడ = ఒక్క కప్పు కాఫీని మాత్రమే ఆధారముగా చేసికొని; గంటలు నాలుగు = నాలుగు గంటలసేపు; ప్లగ్గు పక్క సీటు = చార్జరు వైరు అందునంత దూరములోనున్న ఆసనమును; పదిలపరచి = ఎదుటి కుర్చీలో బ్యాగు పెట్టి, ఇంకెవ్వరో రానున్నారన్న భ్రాంతి కలుగజేసి, కాపాడుకొని; మ్యూటులోన నుండి = తన గొంతు అవతలివారికి వినబడని స్థితియందుండి; మూతిని కదపుచు = పెదవులాడించుచు; కొలువు చేయువాని = ఉద్యోగము వెలగబెట్టు మహానుభావుని; గొప్ప = ఘనతను; గనుడు = చూడుడు.

తాత్పర్యం: స్పష్టం. పరీక్షకు చదివేవాళ్లు ఇక్కడితో ఆపేయవచ్చు.

విశేషాలు: ముందుగా వ్యాఖ్య పేరు. టీకాకారులందరికీ పెద్దదిక్కయిన మల్లినాథసూరి ఎక్కడి కాశీవాడో కాదు, మన మెదక్ జిల్లా కొల్చారం వాడు. కాళిదాసు రఘువంశానికి రాసిన వ్యాఖ్యకు సంజీవని అనీ, భారవి కిరాతార్జునీయానికి రాసినదానికి ఘంటాపథం అనీ పేర్లు పెట్టాడు. ఘంటాపథమంటే మెడలో గంటలు మోగుతుండగా ఏనుగులు నడిచే రాజమార్గం. బల్లగుద్ది చెప్పేదాన్ని మనం 'ఘంటాపథంగా చెప్పడం' అంటున్నది అందుకే. నా వ్యాఖ్యలో ఏనుగులు లేవు, గడిచే గంటలున్నాయి. అందుకని ఒత్తు తీసేసి 'గంటాపథం' అన్నాను. ఆధారం లేనిదేదీ రాయనని మల్లినాథుడు ప్రతిజ్ఞ పట్టాడు. నా ఆధారం బిల్లుకు ముందు వైపున ఉంది: కాఫీ 160 రూపాయలు, సీజీఎస్టీ 4, ఎస్‌జీఎస్టీ 4, వెరసి 168. నాలుగు గంటలకు భాగిస్తే గంటకు 42 రూపాయలు. అందులో ఏసీ, వైఫై, చల్లని నీళ్లు, నిశ్శబ్దం. కాఫీ కొసరు.

ఇక 'ప్లగ్గు పక్క సీటు' అన్నచోట స్థలనిర్ణయం చేయాలి. అత్తాపూర్‌లో ఎవరి అడ్రసూ ఇంటి నంబరుతో మొదలు కాదు, పిల్లర్ నంబరుతో మొదలవుతుంది. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పొడవున పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మా నెత్తి మీదుగా పోతుంది. శంషాబాద్ ఎయిర్‌పోర్టు 2008 మార్చిలో మొదలైంది. అక్కడికి పరుగెత్తేవాళ్లు మా సిగ్నళ్ల దగ్గర ఆగకుండా ఉండాలని దీన్ని కట్టి, 2009 అక్టోబరులో తెరిచారు. విమానమెక్కేవాళ్లకు అది రోడ్డు. కింద బతికేవాళ్లకు మాత్రం వరసగా అంకెలేసిన స్తంభాలు. కేఫ్ ఎక్కడని అడిగిన మిత్రుడికి "నూట నలభై మూడు దగ్గర లోపలికి తిరుగు" అంటాను (ఆ అంకెకు కుర్రకారు చెప్పుకునే అర్థం వేరు, దానికి ఇక్కడ ప్రసక్తి లేదు). అలంకారశాస్త్రంలో లక్షణకు పాత ఉదాహరణ గంగలో గొల్లపల్లె. నీళ్లలో పల్లె ఉండదు గనుక ఒడ్డున అని అర్థం తీసుకోవాలి. "నేను నూట నలభై మూడులో ఉన్నా" అంటే సిమెంటు దిమ్మెలో ఉన్నానని కాదు, దాపున ఉన్నానని. మా పేటలో కొరియర్ కుర్రాళ్లందరికీ లక్షణావృత్తి కరతలామలకం. ఇంకో చమత్కారం. విశ్వనాథ వారి వేయిపడగలను సహస్రఫణ్ అని హిందీలోకి దించినవాడు ఆ పీవీగారే. పైన అనువాదకుడి పేర వంతెన, కింద బిల్లు కాగితం మీద వ్యాఖ్యాత. సాహిత్యానికి ఇక్కడ లోటేముంది?

ఇల్లుండగా, ఆఫీసుండగా, ఈ మూడో చోటెందుకు? ఆఫీసు రాయదుర్గంలో. అక్కడిదాకా 2019 నవంబరులోనే మెట్రో వచ్చింది గానీ అది మా వైపు చూడలేదు. రేతిబౌలి, టోలీచౌకి దాటుకుంటూ పోయేసరికి సగం శక్తి క్లచ్ మీదే ఖర్చవుతుంది. అందుకే వారానికి మూడు రోజులే వెళ్తాను. ఇంట్లోనా, 2020 మార్చిలో డైనింగ్ టేబుల్ ఆఫీసైంది, ఇప్పటికీ పూర్తిగా డైనింగ్ టేబుల్ కాలేదు. కుక్కర్ మూడో విజిల్‌కు ఆపే బాధ్యత నాది. హాల్లో అమ్మ సీరియల్లో ఎవరో ఎవరికో విషం పెడుతుంటారు. నేను లాప్‌టాప్ ముందు కూర్చుంటే ఖాళీగా ఉన్నట్టు, తెర మూసి ఫోన్లో మాట్లాడితేనే పనిలో ఉన్నట్టు మా ఇంటి లెక్క. ఆ నిశ్శబ్దం కోసమే గంటకు 42.

ఇక్కడ పూర్వపక్షం. ఒక్క కాఫీకి నాలుగు గంటలు కూర్చోవడం అన్యాయం కాదా, ఆ టేబులు మీద ఈలోగా ఆరు బేరాలు పోవా? కాదనను. కానీ ఈ ఊళ్లో ఇరానీ హోటళ్లు మప్పిన అలవాటు ఇది. ఒక చాయ్, దాన్ని వన్ బై టూ చేసి ఇద్దరు, రెండు ఉస్మానియా బిస్కట్లు, మధ్యాహ్నమంతా మాటలు. ఆబిడ్స్ ఓరియంట్ హోటల్లో మఖ్దూం మొహియుద్దీన్ లాంటి కవులు కూర్చున్న గంటల్ని ఎవరూ లెక్కగట్టలేదు. అంతెందుకు, లండన్లో పదిహేడో శతాబ్దం చివర ఎడ్వర్డ్ లాయిడ్ అనే ఆయన కాఫీ హోటల్లో ఓడల బీమా బేరగాళ్లు రోజూ చేరేవారు. చేరి చేరి అదే లాయిడ్స్ అన్న బీమా బజారైంది. నేను ఏ బజారూ స్థాపించలేదు, ఒప్పుకుంటాను. ఎక్సెల్ షీట్లో రెండు నిలువు వరసలు కలిపాను. అయితే ఇరానీ హోటలు గల్లా దగ్గర కూర్చునే సేటుకు మాటల హోరు అలవాటు. ఈ కేఫ్ వాళ్లు అమ్మేది నిశ్శబ్దం. నిశ్శబ్దం అమ్మేవాడికి గడియారం టిక్కుటిక్కు కూడా వినబడుతుంది.

'మ్యూటులోన నుండి మూతిని కదపుచు': పద్యానికి ప్రాణం ఈ పాదంలో ఉంది. కొన్ని ప్రతులలో 'మూతిని కడుగుచు' అని కనబడుతుంది. ఆ అక్షరం మీద కాఫీ చుక్క పడింది, అంతే. కవి స్వానుభవం ఇది. గత గురువారం ఒక పెద్ద మీటింగులో, ఈ రిలీజు ఇప్పుడు వద్దు, టెస్టింగ్ సగమే అయింది అని మూడు నిమిషాలు చేతులూపుతూ వాదించాను. తెర మీద పద్నాలుగు ముఖాలు నిశ్చలంగా చూస్తున్నాయి. ఒప్పుకున్నారనుకున్నాను. చివరికి పుణె నుంచి ఒకాయన, "మీరు మ్యూట్‌లో ఉన్నారండీ" అన్నాడు. గాభరాలో బటన్ నొక్కాను, అదే క్షణాన కప్పు తీసుకుపోతున్న కుర్రాడితో, "తమ్ముడూ, ఈసారి షుగర్ తక్కువ" అన్నాను. ఇది మాత్రం పద్నాలుగు మందికీ వినబడింది. వెనకాల మిషను పాలు నురుగు పట్టే చప్పుడు తోడైంది. "ఇంట్లో ఉన్నావనుకున్నానే" అన్నాడు మేనేజరు. ఘంటాపథంగా చెప్పాల్సింది గుటకలో పోయింది, గుట్టుగా అనాల్సింది ఘంటాపథమైంది. రిలీజు అనుకున్న రోజే వెళ్లింది.

'కొలువు' అన్న మాటకు వెనకటికి రాజుగారి సభ అని కూడా అర్థం. పెద్దన కొలువులో ఉన్నాడంటే రాయల ఎదుట ఉన్నాడని. మా కొలువులో రాజుగారికి కెమెరా ఆఫ్.

రసం మాటకొస్తే, ఈ పద్యంలో లేని ధ్వని కేఫ్ కుర్రాడి దగ్గరుంది. ఆనందవర్ధనుడు తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో కూర్చుని ధ్వన్యాలోకం రాశాడు గానీ, అత్తాపూర్ వచ్చి ఉంటే ఉదాహరణలకు వెతుక్కునే పని తప్పేది. మొదటి గంట తర్వాత కుర్రాడు వచ్చి, "అన్నా, ఇంకేమన్న కావాల్నా?" అంటాడు. వాచ్యార్థం ప్రశ్న. వ్యంగ్యార్థం నాకూ తెలుసు, అతనికీ తెలుసు. రెండో గంటకు మాట ఉండదు, శుభ్రంగా ఉన్న టేబులును తడిగుడ్డతో మళ్లీ తుడుస్తాడు, నా మోచేతి చుట్టూ జాగ్రత్తగా. మూడో గంటకు మెనూ కార్డు తెచ్చి లాప్‌టాప్ మూత మీద ఆనించి పోతాడు. శబ్దమే లేని ధ్వని ఇది. ఇంత మర్యాదగా లెమ్మనడం మా హెచ్చార్ డిపార్టుమెంటుకు కూడా చేతకాదు.

ఈ వ్యాఖ్య ఇక్కడిదాకా వచ్చేసరికి కుర్రాడే వచ్చాడు. సాయంత్రం కాలేజీ పిల్లల గుంపు తలుపు దగ్గర నిలబడి ఉంది. బిల్లు కాగితం తీసుకోబోయి, వెనక రాత చూసి, పెదవులు కదుపుతూ మొదటి పాదం చదివాడు.

"నాలుగు గంటలెక్కడియన్నా? పదకొండింటికి వచ్చిండ్రు. ఇప్పుడు నాలుగైతుంది. ఐదు గంటలాయె."

గంటకు 42 కాస్తా 33 రూపాయల 60 పైసలకు దిగిపోయింది. పండితుడు ఊరుకుంటాడా? "అది శ్లేష తమ్ముడూ. గంటలు నాలుగు అంటే గడియారంలో నాలుగని" అన్నాను.

"అట్లనా?" అని ఒక్క క్షణం గోడ గడియారం వైపు చూశాడు. "మరి ఇంకో కాఫీ చెప్పాల్నా?"

చెప్పమన్నాను. ఎదుటి కుర్చీలోంచి బ్యాగు కూడా తీశాను. కాఫీ వచ్చేలోపు పద్యంలో 'కప్పు' కొట్టేసి 'రెండు' అని దిద్దుకున్నాను. గణం సరిగ్గానే ఉంది. యతి పోయింది.