గుప్తనిధికి దారి కాఫీ కొట్టు మీదుగా

ఉద్యోగాల్లో 80 శాతం అసలు ప్రకటనకే రావట. కాబట్టి లింక్డిన్ కట్టిపెట్టి, బయటికెళ్లి మనుషుల్ని కలుసుకోవాలట. ఈ వారం ఓ కెరీర్ గురువుగారు సెలవిచ్చిన మాట మీ గ్రూపుల్లోకీ వచ్చే ఉంటుంది. ఆస్ట్రేలియాలో, బ్రిస్బేన్ శివార్లలో ఉన్న మా స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్ గ్రూపులోకైతే పొద్దుటినుంచి రాత్రిదాకా వస్తూనే ఉంది. ఎవరికీ చెప్పని ఉద్యోగాలను ఎవరు లెక్కపెట్టారని మాత్రం అడక్కూడదు. భూమిలో ఉన్న బంగారాన్ని బయటినుంచే తూకం వేసి చెప్పేవాణ్ణి ‘నువ్వెప్పుడు చూశావయ్యా’ అంటే నిధి మాయమైపోతుంది.

అవును, ఇది గుప్తనిధే. ఇన్నేళ్లూ మనం ఫోనులో వేసింది అంజనం. అరచేతిలో నల్లటి అద్దం పెట్టుకుని, దాంట్లోకి కళ్లార్పకుండా చూస్తూ, అదిగో బిందె కనిపిస్తోంది, అదిగో మూత కదులుతోంది అని మురిసిపోయాం. అద్దంలో కనిపించిన బిందె చేతికి వస్తుందా? గునపం పుచ్చుకుని స్వయంగా వెళ్లి తవ్వాలి గానీ!

మన వాళ్లకి తవ్వకాలు కొత్తేం కాదు. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో సాక్షాత్తూ ప్రభుత్వ అనుమతితోనే తవ్వారు. ఎముకలూ ఇటుకలూ బయటపడ్డాయి. ఆ పక్కనే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో తొలకరికి వజ్రాలు ఏరుకునేవాళ్లే నయం, వాళ్లకి అప్పుడప్పుడూ ఒక రాయైనా దొరుకుతుంది.

ఇక్కడి నేల సంగతి వేరు. మలేసియాలో పుట్టిన మహా సిన్నతంబి గారు 1992లో భాగస్వామితో కలిసి 2,860 హెక్టార్ల తుప్పల అడవి కొని, దాంట్లో ఈ స్ప్రింగ్‌ఫీల్డ్ అంతా మొలిపించారు. మా పేటకి పేరు తెచ్చిన చెరువులు కూడా దేవుడిచ్చినవి కావు, యంత్రాలు తవ్వినవే. అంటే ఇక్కడ ఇదివరకే ఒకసారి బాగా లోతుగా తవ్వేశారు. నిధేమైనా ఉంటే అప్పుడే తేలిపోవాలి. అయినా గురువుగారి మాట మీద గురితో జనం బయల్దేరారు. స్ప్రింగ్ లేక్ చుట్టూ నడిచేవాళ్లు ఎదురొచ్చిన ప్రతి తెల్ల చొక్కాకీ నవ్వు వడ్డిస్తున్నారు. ఓరియన్ షాపింగ్ సెంటర్ కాఫీ కొట్టులో పక్క టేబుల్ మీద ల్యాప్‌టాప్ కనిపిస్తే చాలు, కుర్చీలు జరుగుతున్నాయి. ఈ ఊళ్లో పొద్దస్తమానం నేలను కెలికి మట్టిని గుట్ట పోసే పక్షి ఒకటుంది, బ్రష్ టర్కీ అంటారు. ఇంత పోటీ అదెన్నడూ చూసి ఉండదు.

తవ్వకానికి విధివిధానాలున్నాయి. ముహూర్తం అమావాస్య అర్ధరాత్రి అక్కర్లేదు, గురువారం సాయంత్రం ఆరు గంటలు, సిటీలో జరిగే నెట్‌వర్కింగ్ మీటింగులో. స్ప్రింగ్‌ఫీల్డ్ సెంట్రల్‌లో రైలెక్కాలి. నల్లకోడి బదులు ఒక ఫ్లాట్ వైట్ కాఫీ. మెళ్లో తాయెత్తులాగా పేరు రాసిన అట్టముక్క. ఇక మంత్రం: నేనెవణ్ణి, నాకేం వచ్చు, మీకెలా పనికొస్తాను అనేవి మూడూ ముప్పై సెకన్లలో, ఊపిరి తడబడకుండా చెప్పాలి. అక్షరం పొల్లుపోతే రక్తం కక్కుకోరు గానీ, అవతలివాడు ‘మళ్లీ కలుద్దాం’ అని పకోడీ పళ్లెం వైపు నడిచిపోతాడు. పకోడీ అలవాటుగా రాశాను, అక్కడ ఉండేది జున్నుముక్కలు.

మా వీధి బావగారు మొన్న వెళ్లొచ్చారు. హైదరాబాద్‌లో వంతెనలకి డిజైన్లు గీసిన మనిషి.

“ఏమండీ బావగారూ, తగిలిందా?”

“సగందాకా తవ్వానండీ. అంతలో అవతలాయన లయన్స్ ఫుటీ జట్టు ఆటగాడెవరిదో మోకాలి గాయం గురించి నా అభిప్రాయం అడిగాడు. గునపం అక్కడ విరిగింది.”

బావగారిది స్వయంకృతమే. ఆ లయన్స్ సాధన చేసే మైదానం మా ఊళ్లోనే ఉంది. వంతెన బరువు లెక్కలు నేర్చుకునే బదులు ఆ మోకాళ్ల లెక్కలు నేర్చుకోవాల్సింది.

ఇలా లాభం లేదని తెలుగువాళ్లమంతా రాబెల్ డొమైన్ పార్కులో వనభోజనాలు పెట్టుకుని ఉమ్మడి తవ్వకం చేశాం. ఈ శాస్త్రానికి మూలపురుషుడు మార్క్ గ్రానోవెటర్ 1973లోనే హెచ్చరించాడు: ఉద్యోగాలు దగ్గరివాళ్ల వల్ల కంటే ఏదో ముఖపరిచయం ఉన్నవాళ్ల వల్లే ఎక్కువగా దొరుకుతాయి, ఎందుకంటే దగ్గరివాళ్లకి తెలిసింది మనకీ తెలిసే ఉంటుంది. అక్షరాలా అదే జరిగింది. ఒకాయన ఇంకొకాయన్ని అడిగాడు, ఆయన మూడో ఆయన్ని అడిగాడు, మూడో ఆయన తిరిగి మొదటాయన్నే అడిగాడు. పులిహోర బాగుంది.

నిధికి కాపలా పాము లేకపోతే కథ రక్తి కట్టదు కదా. ఇక్కడి పాము పేరు లోకల్ ఎక్స్‌పీరియన్స్. ఇది తిరువనంతపురం పద్మనాభస్వామి గుడి నాగబంధం కంటే గట్టిది. ఇక్కడ పనిచేస్తేనే అనుభవం, అనుభవం ఉంటేనే పని. తోక నోట్లో పెట్టుకుని చుట్టచుట్టుకుని పడుకుంటుంది. దీన్ని వదిలించడానికి గురువుగారి దగ్గర ఆరు వారాల కోర్సు ఉంది. ఫీజు ముందే కట్టాలి, నిధి దొరక్కపోతే మీ శ్రద్ధలో లోపం.

గురువుగారూ, ఒక్కటి చెప్పండి. మమ్మల్ని ఇక్కడికి పిలిచింది కాఫీ పరిచయాల మీద కాదే! 25 నుంచి 32 ఏళ్ల వయసుంటే 30 పాయింట్లు, అత్యున్నత ఇంగ్లిష్‌కి 20, డిగ్రీకి 15 అని పప్పులు తూచినట్టు తూచి, ప్రతి కాగితానికీ డబ్బు గుంజి, అర్హుడవని ముద్రవేసి రప్పించారు. దిగాక ఆ తూకమంతా చెల్లదు, ఎవరు తెలుసో చెప్పమంటారా? శాశ్వత వీసా మీద వచ్చిన నిపుణుల్లో దాదాపు నలుగురిలో ఒకరు తమ చదువుకి తక్కువ పని చేస్తున్నారని సీడా అనే పరిశోధనా సంస్థ 2021లోనే చెప్పింది. వాళ్లందరికీ కాఫీ తాగడం రాకనా?

బూత్, లీ, వర్గనోవా అనే ముగ్గురు పరిశోధకులు బ్రిస్బేన్, మెల్‌బోర్న్, సిడ్నీల్లో 4,000కి పైగా ఉత్తుత్తి దరఖాస్తులు పంపారు. అర్హతలు ఒకటే, పేర్లే వేరు. ఆంగ్ల పేరుకి వచ్చినన్ని పిలుపులు రావాలంటే చైనా పేరున్నవాళ్లు 68 శాతం ఎక్కువ దరఖాస్తులు పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ లీ గారు తర్వాత ఈ దేశానికే సహాయ మంత్రి అయ్యారు. పేర్ల సంగతి మారిందా? 2023లో వెలువడ్డ ఇంకో అధ్యయనంలో 12,000కి పైగా దరఖాస్తులు పంపి చూస్తే, పెద్ద పదవులకి పరాయి పేర్లకి 57 శాతం తక్కువ పిలుపులొచ్చాయి. కాగితం మీద పేరు చూసే పక్కన పడేసినవాడి దగ్గరికి వెళ్లి మా మొహం చూపించమంటున్నారు!

ఇక్కడే బడికెళ్లి, ఇక్కడే ఫుటీ ఆడి, మామయ్య స్నేహితుడి ఆఫీసులో మొదటి ఉద్యోగం చేసినవాడికి ఏ నిధీ గుప్తం కాదు. అతనికి తాళంచెవి ఉంది. తవ్వేది మేమే. దీన్ని మా సిగ్గరితనం, మా కలుపుగోలుతనం లేకపోవడం అని కోర్సులమ్మడం సిగ్గుమాలిన పని.

మీటింగులో మైకు పట్టుకునే కంపెనీల పెద్దలు కిందటేడాది ప్రకటన లేకుండా ఎన్ని ఉద్యోగాలు నింపారో, ఎవరి పరిచయం మీద నింపారో ముందు బయటపెట్టండి. పెట్టాకే మమ్మల్ని కాఫీకి పిలవండి. అదీ సాయంత్రం ఆరింటికి వద్దు. ఇండియాలో లెక్చరర్‌గా పనిచేసిన మా పక్కింటి వదిన ఆ వేళకి ఏజ్డ్ కేర్‌లో నైట్ షిఫ్టుకి బయల్దేరుతుంది.