సగం చదివించిన అధికరణం

మల్కాపురం బడిలో సాంఘికశాస్త్రం చెప్పినన్నాళ్లూ నాదొక మొండి నమ్మకం: దేశాన్ని కాపాడేది సేనాపతులు, రక్షణ మంత్రిత్వ శాఖ వాళ్లకు అడ్డంపడే దఫ్తరం. 1998 డిసెంబరు 30న నౌకాదళాధిపతి అడ్మిరల్ విష్ణు భగవత్‌ను ప్రభుత్వం తొలగించినప్పుడు ఆ నమ్మకం కోపమైంది. డిప్యూటీ చీఫ్‌గా ఎవరుండాలో కేబినెట్ నియామకాల కమిటీ తేల్చింది, అది అమలుకాదని ఆయన అన్నారు, గొడవ అక్కడ ముదిరింది. ప్రభుత్వం నడుచుకున్న తీరు మీద ఇవాళ్టికీ వాదించవచ్చు. నేను అంతటితో ఆగలేదు. సేనాధిపతిని తీసేసే హక్కే ప్రభుత్వానికి లేదని తరగతిలో పిల్లలకు చెప్పాను.

విశాఖవాడికి ఈ భ్రమ తేలిగ్గా పడుతుంది. తూర్పు నౌకాదళ కమాండ్ మన ఊళ్లోనే ఉంది. 1971లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది మన తీరంలోనే. విమానవాహక నౌక విక్రాంత్‌ను అండమాన్ వైపు పంపేసి, అది ఇక్కడే ఉందని శత్రువును నమ్మించిన వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఎత్తుగడ చెప్తూ ఒళ్లు మరిచిపోయేవాణ్ణి. ఆ ఎత్తు ఆయనదే. యుద్ధం ఎందుకు, ఎంతవరకు అన్నది మాత్రం ఇందిరాగాంధీ ప్రభుత్వం తేల్చింది, దానికి పార్లమెంటులో జవాబు చెప్పాల్సినవాడు రక్షణ మంత్రి జగ్జీవన్ రామ్. ఆయన పేరు నా పాఠంలో ఎన్నడూ రాలేదు.

నేవీలో చేసి రిటైరైన పెద్దాయనొకరు మా వీధిలో ఉంటారు. ఓ సాయంత్రం నా వాదనంతా ఓపిగ్గా విని అడిగారు: "మాస్టారూ, డాక్‌యార్డు నేవీది. షిప్‌యార్డు కాదు, 2010 నుంచి రక్షణ ఉత్పత్తుల విభాగం కింద ఉంది. టార్పెడోల మీద పనిచేసే ఎన్‌ఎస్‌టీఎల్ డీఆర్‌డీవోది. కోస్ట్‌గార్డు కూడా నేవీలో భాగం కాదు. ఇవన్నీ ఎక్కడ కలుస్తాయండీ?" మంత్రిత్వ శాఖలో. అంత దగ్గరి జవాబు నా నోటికి రాలేదు.

నా కోపంలో ఒక పాలు నిజముంది, దాన్ని వదులుకోను. త్రివిధ దళాల ప్రధాన కార్యాలయాలు చాలాకాలం మంత్రిత్వ శాఖకు అనుబంధ కార్యాలయాలుగానే ఉండిపోయాయి. కార్గిల్ తర్వాత, 2001లో మంత్రుల బృందం త్రివిధ దళాధిపతి పదవి కావాలని చెబితే, 2020 జనవరి 1న గానీ జనరల్ బిపిన్ రావత్ ఆ బాధ్యత తీసుకోలేదు. మంత్రిత్వ శాఖలోనే సైనిక వ్యవహారాల విభాగం పెట్టి ఆయన్నే కార్యదర్శిని చేశారు. దళాధిపతుల మీద ఆజ్ఞాధికారం ఇవ్వలేదు. నేను కోరాల్సింది ఇదీ: మంత్రి పక్కన సైనికుడికి కుర్చీ.

సర్వసైన్యాధిపత్యం రాష్ట్రపతిదని 53వ అధికరణం పిల్లలచేత వల్లె వేయించాను. దాని వినియోగం చట్టానికి లోబడాలని అక్కడే ఉంది. ఆ సగం చదివించలేదు. నా దగ్గర చదివి నేవీలో చేరినవాళ్లున్నారు. ఎదురుపడితే ఇప్పుడు ఆ మిగతా సగం కూడా చెప్తున్నాను.