ఛురికాభిమాని

దగ్గుచు వచ్చువారిని, చెప్పులు టపటపలాడించుచు వచ్చువారిని నేనెఱుగుదును గాని, మా వీథి చివరి మేడలోని ఛురికాభిమానిగారివలె టక్కుమను చప్పుడుతో వచ్చువారిని వేఱొకరిని చూచి యెఱుగను. అది వారి జేబులోని మడతచాకు తెఱచుకొని, అలుగు తన స్థానమున బిగిసికొనునప్పటి చప్పుడు. దాని వెంటనే రెండవ టక్కు వినవచ్చును, అది మూసినప్పటిది. ఈ రెండు టక్కుల నడుమ ఆ చాకు ఏ పనియు చేయలేదని పాఠకులు గమనింపవలెను. వారిని గూర్చి నేను చెప్పబోవునదెల్ల ఆ నడుమనే యున్నది.

రూపమున గాని స్వభావమున గాని వారియందు కత్తి పట్టదగిన లక్షణ మొక్కటియు లేదు. జిల్లా కచేరీలో ముప్పదియేండ్లు దస్త్రములు తిరుగవేసి, పింఛను పుచ్చుకొని, ఉదయము విష్ణుసహస్రనామము, సాయంకాలము అరుగుమీద లోకాభిరామాయణము, రాత్రి రెండు పుల్కాలు, ఇంతకంటె సాహసమెఱుగని ఆ సాధుపురుషుని బీరువాలో, ఇల్లాలి పట్టుచీరల క్రింది యరలో, 43 మడతచాకులు వేఱువేఱు మఖమలు సంచులలో శయనించియున్నవనిన ఎవరు నమ్ముదురు? ఎందుకని యడిగినచో ప్రతి చాకునకును సమాధానమొక్కటే: “నిత్యోపయోగానికండీ. ఇల్లన్నాక రోజూ చేతికందే చాకొకటి ఉండాలి కదా!” ఆ ఒకటి కొఱకే ఈ 43.

సంగ్రాహకుడన్నచో వారికి మహాకోపము. తపాలాబిళ్ళలు ప్రోగుచేయువాడు తాను సంగ్రాహకుడనని సిగ్గుపడక యొప్పుకొనును. చాకులు ప్రోగుచేయువాడొప్పుకొనడు, ఏలయన చాకు పనిముట్టు, పనిముట్టును పనిలేక కొన్నవానిని లోకము వెఱ్ఱివాడనును. కావున వారు ప్రతి పర్యాయమును ముందొక పనిని కల్పించుకొని, పిమ్మట దానికి తగిన చాకును వెదకుదురు. అలుగు మూడంగుళములకు మించరాదు, జేబు జాఱునంత బరువుండరాదు, ఒంటిచేత తెఱచుకొనవలెను, తెఱచిన పిదప వ్రేళ్ళమీదికి మూసికొనకుండ బందము పడవలెను, తుప్పు పట్టరాదు, పదును చెడరాదు, చెడినచో అరుగుమీద కూర్చుండి నాలుగు రుద్దులలో మరల తెచ్చుకొనగలుగవలెను. ఈ చివరి మూడింటికిని పొత్తు కుదరదు. కర్బనము గల సాదా ఉక్కు సుళువుగ పదునెక్కును గాని, వానగాలి సోకినంతనే తుప్పునకు లొంగును. క్రోమియము దండిగ కలిపిన ఉక్కు తుప్పు నోర్చుకొనును, దానిని మిక్కిలి కఠినముగ చేసినచో పదునును చిరకాలము నిలుపుకొనును గాని, ఆ పదునొకమారు పోయినదా, సానరాతికి సాయంకాలమువఱకు పని. ఈ గుణములన్నియు నొక్కచోట నున్న చాకును లోహశాస్త్రమింకను కనలేదు. కనకపోవుట మా ఛురికాభిమానిగారి భాగ్యము. కన్ననాడు వారు కొనుటకేమి మిగులును?

వారి మొదటి మోజు ఓపినెల్. ఫ్రాన్సుదేశమున సవోయి కొండసీమలో, పనిముట్లు చేయు కమ్మరి కుమారుడగు జోసెఫ్ ఓపినెల్ 1890లో రూపొందించిన రైతుచాకది: బీచికొయ్య పిడి, పలుచని యలుగు, 1897 నాటికి 1 మొదలు 12 వఱకు కొలతలు, 1955లో మెడకు చేర్చిన ఉక్కుకంటె. ఆ కంటెను కొంచెము త్రిప్పినచో అలుగిక కదలదు. కొండగాలిలో పుట్టిన ఆ చాకు కాకినాడకు వచ్చి, ఆషాఢమాసపు సముద్రపు తేమను కడుపార త్రాగి, కొయ్య యుబ్బి, అలుగును పంటబిగువున పట్టుకొనినది. ఎదుట పళ్ళెములో చెఱకురసపు మామిడిపండు, చుట్టును మనుమలు. వారు గోటితో లాగిరి, నూనె వేసిరి, పిడి తుదిని బల్లమీద కొట్టినచో అలుగు పైకి లేచునన్న సవోయివారి చిట్కా జ్ఞప్తికి వచ్చి, ప్రక్కయింటివారు ఏమైనదని తొంగిచూచునట్లు కొట్టిరి. అలుగు లేచునప్పటికి పళ్ళెమున టెంక మిగిలియుండెను. పిల్లలకు దంతములున్నవను సంగతి వారి ప్రణాళికలో లేదు.

స్విట్జర్లాండు ఎఱ్ఱచాకు చరిత్ర చెప్పుట వారికి పురాణకాలక్షేపము. కార్ల్ ఎల్సెనర్ అనునాతడు 1884లో ఇబాఖ్‌లో కార్ఖానా పెట్టుట, 1891లో స్వదేశపు సైనికులకు చాకు లందించుట, తుపాకి విప్పుటకును డబ్బాలు తెఱచుటకును అందులో పరికరములుండుట, 1897లో అధికారుల చాకునకు చిన్న యలుగొకటియు, సీసాబిరడాలను లాగు మెలికలకమ్మియు చేర్చుట, ఇంతవఱకు కంఠము ధారాళముగ సాగి, మెలికలకమ్మికడ సన్నగిలి, చూపు వంటింటివైపు పోవును. మజ్జిగను మించిన మాదకద్రవ్యము నెఱుగని యింట బిరడా యెక్కడిది? ఐనను దానికిని నిత్యోపయోగము కనిపెట్టిరి: తడిసి బిగిసిన ముడులను విప్పుటకు దివ్యముగ పనికివచ్చునట. ఆ చాకు కొన్న నాటనుండి మా వీథిలో ఏ ముడియు బిగియలేదు.

ఆయుధముల నిబంధనలును వారికి కంఠస్థములే. గృహమునకును సేద్యమునకును మఱి యిట్టి పనులకును ఉద్దేశించినవి గాక, 9 అంగుళముల పొడవును గాని 2 అంగుళముల వెడల్పును గాని మించిన కత్తి ఆయుధముల లెక్కలోనికి వచ్చును. తమ చాకులలో నొక్కటియు నాలుగంగుళములు దాటలేదని కొలబద్ద పెట్టి చూపునప్పుడు, నిరపరాధి సంతోషముతోపాటు, సర్కారువారు తమ నొక లెక్కలోని మనిషిగా నెంచలేదను చిన్న చింతయు వారి మొగమున తొంగిచూచును.

వారి తాతగారు కరణము. ఆయన కొక్కటే చాకు, షెఫీల్డులోని జోసెఫ్ రాడ్జర్సు వారిది, అలుగు మొదట చుక్కయు శిలువయు ముద్ర. ఈకకలములు చెక్కికొనుటకు పుట్టినది గనుకనే ఆంగ్లేయులట్టి దానిని పెన్నుచాకనిరి. కరణముగారు దానితో రెల్లుకలము చెక్కి, తమలపాకు ఈనె తీసి, వేపపుల్ల చీల్చి, మామిడికాయ తఱిగి, దస్త్రముల త్రాళ్ళు కోసి, యావజ్జీవము వాడగా అలుగరిగి యరిగి వేపాకంత యైనది. మనుమలైన మా ఛురికాభిమానిగారు దానిని 43లో చేర్చలేదు. “అరిగిపోయిందండీ, పనికిరాదు,” అని నాతో ననిరి. అది వంటింట కత్తిపీట ప్రక్కన నున్నది. ఇల్లాలు దానితో ఉదయము పాలపొట్లము కోయుదురు, మధ్యాహ్నము అల్లము చెక్కుదురు, సాయంకాలము పూలదారము త్రెంపుదురు. దానికి మఖమలు సంచి లేదు.

మొన్న సైకిలుమీద సానపట్టువాడు వచ్చినప్పుడు అమ్మలక్కలందఱు కత్తిపీటలతో గుమిగూడగా, మా ఛురికాభిమానిగారును ఒక చాకును పసిబిడ్డవలె గుడ్డలో చుట్టి తెచ్చిరి. వాడు బొటనవ్రేలితో వాదరను తడిమి, నిప్పురవ్వలు రాలుచున్న చక్రమును ఆపి, వారి మొగము చూచి, “దీనికి సానెందుకండి బాబుగారూ? మొద్దుబారితేగదా! ఎప్పుడైనా పని చెప్పారేటి దీనికి?” అనెను. అందఱు నవ్విన నవ్వు వారికి వినబడనేలేదు. నావైపు తిరిగి, వెలుగొందుచున్న వదనముతో, “విన్నారా? ఏడేళ్ళయినా పదును పోలేదు. ఉక్కంటే అదీ!” అనిరి.

ఇట్టివారు నాకొక చాకు నిచ్చిరి. ఎనిమిదవ కొలత ఓపినెల్‌లు వారికి రెండుండెడివి, వాడుట కొకటి, దాచుట కొకటి. ఏది దేనికో మఱచి రెండింటిని దాచియుండిరి. చాకు ఊరక యిచ్చినచో స్నేహము తెగునని పాశ్చాత్యులలో నొక నమ్మకము కలదు. కావున పుచ్చుకొన్నవాడొక నాణెమీయవలెను. వారు నా చేతినుండి ఒక రూపాయి లాంఛనముగ స్వీకరించి, “ఇది దానం కాదు, అమ్మకం. రోజూ వాడాలి సుమండీ!” అని యాజ్ఞాపించిరి.

నేను అక్షరాల వాడితిని. పెన్సిళ్ళు చెక్కితిని, పొట్లములు కోసితిని, వంకాయ తఱిగితిని, పుల్లమామిడికాయలకు లెక్క లేదు. నెల తిరుగునప్పటికి ఆ తెల్లని యలుగు, కారుమబ్బు క్రమ్మినట్లు నీలమును నలుపును కలిసిన వన్నె తేలినది. పులుపు తగిలిన సాదా ఉక్కు నల్లబడుట దోషము కాదని, ఆ నలుపే తుప్పును కొంత యడ్డగించునని నాకు బోధించినది వారే. కాబట్టి ఒక సాయంకాలము టక్కు, టక్కు మని వారు వచ్చునప్పటికి, నేను నిర్భయముగ ఉప్పుకారము పెట్టుకొని మామిడిముక్కలు కోయుచుంటిని. ఒక ముక్కను అలుగు మొనమీదనే వారికి చాచితిని.

వారు ముక్కను చూడలేదు.

“ఇదేమిటండీ?” అనిరి.

“మామిడికాయండీ. కొత్తపల్లి కొబ్బరి.”

“అది కాదు.”

“తమరే రోజూ వాడమన్నారు గదండీ.”

“అన్నాననుకోండి...” అని, వారు చాల సేపు అలుగునే చూచి, ముక్క ముట్టక, మారుమాటాడక లేచిపోయిరి. పోవునప్పుడు టక్కు వినబడలేదు.

మఱునాటి యుదయము పాలవాడు చెంబుతోపాటు నా రూపాయి తెచ్చి గడపమీద పెట్టి పోయెను.