రాజుగారి సంగీతం బడి

(రాజమహేంద్రవరం. ఆనం కళాకేంద్రం వరండా. లోపల ఒకానొక నృత్య అకాడమీ వారి వార్షికోత్సవం. మూడింటికి మొదలవ్వాలి, ఆరు దాటింది. ముఖ్య అతిథి ఇంకా రావులపాలెం దగ్గరే ఉన్నాడట. బుగ్గలకి ఎర్రరంగు పూసుకున్న చిన్న సత్యభామలు ఓ పాతికమంది గజ్జెలతోనే గోడవారగా నిద్రపోతున్నారు. రిటైరైన సంగీతం మాస్టారు ఒక మూల కుర్చీలో కూర్చున్నారు. భీమవరం వైపు చెరువులున్న రాజుగారు దూరం నుంచే చెయ్యూపుకుంటూ వచ్చారు.)

రాజుగారు: ఏవండే మాస్టారూ, దొరికారు! పొద్దుట్నించీ ఫోను కొడతా ఉంటే ఎత్తరేటండి?

మాస్టారు: పాఠం చెబుతున్నానండి.

రాజుగారు: పాఠానికేం గానీ, ఓ మాట. తణుకు రోడ్డులో మనకి అరెకరం ఉంది కదండీ. అందులో సంగీతం, డ్యాన్సు, డ్రామా మూడూ నేర్పే అకాడమీ ఒకటి పెడదావని. ప్రిన్సిపాలు తవరే.

మాస్టారు: మరి రొయ్యలో?

రాజుగారు: వైట్‌స్పాటొచ్చి రెండు చెరువులు ఊడ్చిపెట్టుకుపోయాయండి. మా అల్లుడన్నాడు, "మావయ్యా, పిల్లలకైతే వైట్‌స్పాట్ రాదు" అని. నిజమే కదండీ.

మాస్టారు: నేర్పడం ఎలాగనుకుంటున్నారు?

రాజుగారు: అంతా రాసుకున్నానండి. సీడ్ మంచిది పడాలి, అందుకని నాలుగు కాన్వెంట్లతో మాట్లాడేశా. నూట ఇరవై రోజులు మేత సరిగ్గా పడితే పట్టుబడి. పట్టుబడంటే అరంగేట్రం అండి. తీరిగ్గా చూసుకున్నా ఏడాదికి రెండు పంటలు.

మాస్టారు: నూట ఇరవై రోజుల్లో సరళీ స్వరాలు మూడో కాలానికి రావు బాబూ.

రాజుగారు: మూడో కాలం దాకా ఎందుకండీ? మొదటి కాలంలోనే పంపేద్దాం.

మాస్టారు: అలా పట్టేస్తే కౌంటెంతొస్తుందో మీకే తెలుసు. కిలోకి వంద.

రాజుగారు: (నొచ్చుకుని) వంద కౌంటుకీ మార్కెట్టుందండి. లోపలున్న సరుకంతా మరేవిటి?

(మాస్టారి దగ్గర దీనికి జవాబు లేదు. నా దగ్గరా లేదు. ఇంతలో అమెరికా మామ్మగారు ఫోను చేత్తో పట్టుకుని వచ్చారు. కూతురుండేది డాలస్. ఆవిడ ఆర్నెల్లు అక్కడ, ఆర్నెల్లు దానవాయిపేట.)

మామ్మగారు: మాస్టారూ, నమస్కారవండీ. డిసెంబర్లో మా మనవరాలి రంగప్రవేశం. హాలు బుక్కయిపోయింది, కేటరింగు బుక్కయిపోయింది, కంచి వెళ్లి చీరలు కూడా తెచ్చేశాం. వర్ణం ఒక్కటే మిగిలింది. మీరు పాడి వాట్సాపులో పెడతారేమోనని.

మాస్టారు: అక్కడ గురువుగారు లేరా తల్లీ?

మామ్మగారు: లేకేం! ఆవిడ సాఫ్ట్‌వేరులో ఉంది, ఆదివారం గంటసేపు చెబుతుంది. మా పిల్ల చురుకైందండీ. 2016లో విజయవాడ స్టేడియంలో ఆరువేల పైచిలుకు మంది కూచిపూడి ఆడి గిన్నిస్ కెక్కారు చూడండి, ఆ సెలవులకి తీసుకొచ్చి అందులో నిలబెట్టాం.

మాస్టారు: ఏ వరసలోనండీ?

మామ్మగారు: అది మాకూ కనపడలేదండీ. వీడియోలో వెతుకుతూనే ఉన్నాం.

రాజుగారు: ఆరువేలా! (వేళ్లు మడుస్తూ) తలకో రెండువేలు వేసుకున్నా...

మాస్టారు: నవ్వులాటకి అన్నాను గానీ మామ్మగారూ, మీవాళ్లని తీసిపారెయ్యడానికి లేదు. 2016లోనే కాలిఫోర్నియాలో సిలికానాంధ్ర పేరుతో ఏకంగా యూనివర్సిటీ పెట్టి కూచిపూడి, కర్ణాటక సంగీతం పాఠ్యాంశాలు చేశారు. సముద్రాలు దాటి వెళ్లాక గుర్తొచ్చింది మనకి. ఇక్కడున్నప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు.

రాజుగారు: అదేటండి అలాగంటారు! గోదావరి నీళ్లలోనే సంగీతవుందని ప్రతి మీటింగులోనూ చెబుతారు కదండీ. పోయినేడు నేనూ చెప్పా.

మాస్టారు: నీళ్లలో ఉంటే ఉండుగాక. నేర్చుకోడానికి మాత్రం పడవెక్కి వెళ్లిపోయారు. పిఠాపురం పక్క కొత్తపల్లిలో పుట్టిన నేదునూరి కృష్ణమూర్తిగారు 1940లో విజయనగరం వెళ్లి మహారాజావారి సంగీత కళాశాలలో చేరారు. శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణగారికి గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు, బెజవాడ. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రిగారి వీణా, కాకినాడ చిట్టిబాబుగారి వీణా మద్రాసులో మోగాయి.

రాజుగారు: (మొహం వెలిగిపోయి) అంటే మనది హేచరీ అన్నమాట! సీడ్ మనది, పెంపకం అవతలోళ్లది. ఆయ్, వ్యాపారంలో ఇది మామూలేనండి.

మాస్టారు: (ఓ క్షణం ఆగి) నలభై ఏళ్లు పాఠం చెప్పాను రాజుగారూ, ఈ సంగతి ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

మామ్మగారు: విజయనగరంలో మాత్రం అంత గొప్పగా ఎలా కుదిరిందండీ?

మాస్టారు: 1919లో పెట్టారు. ఆస్థానంలో ఒకాయన కొడుక్కి చూపు లేదు, ఆ పిల్లవాడికి సంగీతం చెప్పిద్దామని మొదలుపెట్టిందే పెద్దదయిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. మొదటి ప్రిన్సిపాలు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు. ఫిడేలు చెప్పడానికి ద్వారం వెంకటస్వామినాయుడుగారు. దారిన పోయేవాళ్లని కాదు, అలాంటివాళ్లని తెచ్చి జీతమిచ్చి కూర్చోబెట్టారు. ఘంటసాల అక్కడే చదువుకున్నాడు.

రాజుగారు: సినిమా ఘంటసాలేనా? (పుస్తకం తీసి రాసుకున్నారు.) బ్రోచర్లో వేద్దాం.

(నాటక పరిషత్తు కార్యదర్శి వచ్చాడు. చంకలో శాలువాల కట్ట, చేతిలో లిస్టు.)

కార్యదర్శి: రాజుగారూ, కాస్త ఇబ్బందొచ్చి పడిందండి. సన్మానితులు నలభై మంది, శాలువాలు ముప్పై. మొదట కప్పినవాళ్లవి వెనక తలుపులోంచి తెప్పించి మళ్లీ కప్పుదామనుకుంటున్నాం. మీది మాత్రం కొత్తదేనండి.

రాజుగారు: సరే గానీ, అకాడమీలో డ్రామా డిపార్ట్‌మెంటు మీరు చూసుకోవాలి.

కార్యదర్శి: (ఛాతీ విరిచి) రాజమండ్రికి నాటకం కొత్తా బాబూ! చిలకమర్తివారు ఇక్కడి సమాజం కోసమే గయోపాఖ్యానం రాస్తే అది లక్ష ప్రతులు దాటి అమ్ముడుపోయింది. టంగుటూరి ప్రకాశం పంతులంతటివాడు కుర్రతనంలో ఈ ఊళ్లో వేషాలు కట్టాడు. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు చూడండి! ఎస్వీ రంగారావు, రేలంగి, అంజలీదేవి అందరూ ఆ మేకప్పు గదిలోంచి నడిచినవాళ్లే.

రాజుగారు: సర్టిఫికెట్లు ఎవరిచ్చేవారండి?

కార్యదర్శి: సర్టిఫికెట్టేటండి, వచ్చినవాడు ఒన్స్‌మోర్ కొట్టేవాడు. లేకపోతే కోడిగుడ్డు.

మాస్టారు: అదీ బడే కదండీ. సాయంత్రం రిహార్సలు, రాత్రి పరీక్ష, ఫలితం అప్పటికప్పుడే.

కార్యదర్శి: ఇప్పుడు పరిషత్తు పోటీకి వచ్చే నాటికలో ఆర్టిస్టుల కంటే జడ్జీలే ఎక్కువమంది ఉంటన్నారండి. హాల్లో జనం మాత్రం తరవాత ఆడబోయే నాటికవాళ్లు. వాళ్ల నాటిక అయ్యాక వీళ్లు. చేతులు మార్చుకున్నట్టు చప్పట్లు మార్చుకుంటారు.

మామ్మగారు: మీరు సంగీతం, నాటకం అంటున్నారు, డ్యాన్సు మాటెత్తరేం? మా అమ్మ చెప్పేదండీ. పెళ్లిలో మేళం పెడితే మగవాళ్లు ముందు కూర్చుని చూసేవారట, ఆడవాళ్లు కిటికీ సందుల్లోంచి. తెల్లారాక ఆ మేళంవాళ్ల పేరెత్తితే మాత్రం చీవాట్లు.

మాస్టారు: ఆ కిటికీలోంచి చూసిందే మామ్మగారూ, అసలైన బడి. ముమ్మిడివరంలో అన్నాబత్తుల బులి వెంకటరత్నమ్మగారు, బల్లిపాడులో సరిదె మాణిక్యమ్మగారు. బోర్డుండదు, ఫీజుండదు. తల్లి పాడుతుంది, కూతురు కూర్చునే అభినయం పడుతుంది. నిలబడి గెంతడం కాదండోయ్, కూర్చునే. క్షేత్రయ్య పదంలో ఒక్క పల్లవి తీసుకుని, "రాలేదు" అనే మాటకి ఒకసారి కోపం, ఒకసారి ఎగతాళి, ఒకసారి పక్కింటావిడ వింటోందన్న బెరుకు. కనుబొమ్మ ఇంత లేస్తే కోపం, ఇంకాస్త లేస్తే నాటకం. ఆ ఇంకాస్త దగ్గర ఆగడానికే ఏళ్లు పట్టేది.

రాజుగారు: మరా బళ్లేవయ్యాయండి?

మాస్టారు: 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ నిషేధ చట్టం తెచ్చింది. ఆ బతుకులో ఉన్న అన్యాయం పోవాల్సిందే, కాదనను. కాని నీళ్లు పారబోస్తూ తొట్లో పిల్లని చూసుకోలేదు మనం. గుళ్లో ఆట ఆగింది, ఇంట్లో పాఠం గొంతు తగ్గింది. ఆ తరవాత పెద్దిళ్ల పిల్లలు నాట్యం నేర్చుకోవడం గౌరవమయింది. నేర్పగలిగినవాళ్లని మాత్రం ఎవరూ పిలవలేదు. నటరాజ రామకృష్ణగారు వాళ్ల గుమ్మాలెక్కి, అడిగి, నేర్చుకుని ఆంధ్రనాట్యం అని పేరుపెట్టి నిలబెట్టారు. స్వప్నసుందరి వచ్చి నేర్చుకుని విలాసినీ నాట్యం అన్నారు. మన ఊరి విద్యకి పేర్లు పెట్టడానికి కూడా పైనుంచే రావాల్సొచ్చింది.

(మామ్మగారు ఫోను పర్సులో పెట్టేశారు. ఈ వరండాలో అది జరగడం నేను చూడ్డం ఇదే మొదటిసారి.)

రాజుగారు: మాస్టారూ, మీరు చెప్పేవన్నీ పోయినవేనండి. నడుస్తున్నది ఒక్కటి చూపించండి, అలాగే కట్టేద్దాం. ప్లాను నాకుండాలి కదా.

మాస్టారు: కపిలేశ్వరపురం ఎప్పుడైనా వెళ్లారా?

రాజుగారు: మండపేట అవతల, గౌతమి గట్టు మీద. సీడు తేవడానికి అటే వెళతాం.

మాస్టారు: అక్కడి జమీందారుగారి కుటుంబం 1970ల్లో సర్వారాయ హరికథా పాఠశాల పెట్టింది. ఒక్క హరికథ కోసం బడి! అదీ ఎక్కువగా ఆడపిల్లలకి. నారాయణదాసుగారి తరవాత హరికథ ముసలివాళ్లతో వెళ్లిపోతుందనుకున్న రోజుల్లో. 2024లో పద్మశ్రీ వచ్చిన ఉమామహేశ్వరిగారు ఆ బళ్లోనే నేర్చుకున్నారు. సంస్కృతంలో హరికథ చెబుతుందావిడ.

కార్యదర్శి: హరికథకి బడెందుకండీ? నాలుగు పద్యాలు, రెండు పిట్టకథలు.

మాస్టారు: అయితే నువ్వు చెప్పు నాయనా, ఇప్పుడే. చేతిలో చిడతలు తాళం తప్పకూడదు. కాళ్ల గజ్జెలు వాటి దారిన అవి నడవాలి. నోట్లో పద్యం, పద్యం చివర రాగం, రాగం దిగగానే అర్థం చెప్పే వచనం. ఇవన్నీ జరుగుతుండగా కళ్లు మాత్రం ముందు వరసలో కునికేవాడి మీద ఉండాలి. వాడు తూలాడంటే కథ అక్కడే ఆపి పిట్టకథ వెయ్యాలి, వాడు నవ్వగానే మళ్లీ సీతమ్మవారి దగ్గరికి తీసుకుపోవాలి. సంగీతం, నాట్యం, నాటకం మూడూ కలిపి బడి పెడతానన్నారు కదా రాజుగారూ, ఆ మూడూ ఒక్క మనిషిలో పెట్టే బడి అది.

రాజుగారు: (నిజంగానే కదిలిపోయి) అబ్బ! ఫీజెంతండి?

మాస్టారు: లేదు.

రాజుగారు: హాస్టలుకి?

మాస్టారు: లేదు. తిండి, పడక, పాఠం అన్నీ వాళ్లవే.

రాజుగారు: ఆగండాగండి. సీడు బయటిది. మేత మనది. చెరువు మనది. పట్టుబడి మాత్రం వాళ్లు పట్టుకుపోతారా?

మాస్టారు: పట్టుకుపోయి ఊరూరా కథ చెప్పుకుంటారు.

రాజుగారు: ఇదేం లెక్కండీ! మా అకౌంటెంటు ఉరేసుకుంటాడు.

మామ్మగారు: విజయనగరం రాజుగారికి అకౌంటెంటు లేడేమో.

రాజుగారు: (గాయం తగిలినా తమాయించుకుని) సరే, అంత దూరం పోలేం గానీ మధ్యస్తంగా ఏదైనా చెప్పండి. సర్కారు బళ్లలో ఎంతకాలం పడుతుందండి?

మాస్టారు: సర్టిఫికెట్ కోర్సు నాలుగేళ్లు. దాని మీద డిప్లొమా రెండేళ్లు.

రాజుగారు: ఆరేళ్లు!

మాస్టారు: అది కాగితానికి. ఆ పైన పాడటానికి.

రాజుగారు: ఆరేళ్లలో నేను పన్నెండు పంటలు తీస్తానండి. నాలుగు పోయినా ఎనిమిది దక్కుతాయి.

మామ్మగారు: మాస్టారూ, మా పిల్ల రంగప్రవేశం ఓ రెండేళ్లు వెనక్కి జరిపితే... హాలు అడ్వాన్సు తిరిగివ్వరేమో అంతే.

మాస్టారు: ఇవ్వకపోతే ఆ రోజు భోజనాలు పెట్టెయ్యండి. కేటరింగు ఎలాగూ బుక్కయింది కదా.

(లోపల మైకు కీచుమంది. ముఖ్య అతిథి వచ్చాడు. నిద్రపోతున్న సత్యభామల్ని తల్లులు బుగ్గలు తట్టి లేపుతున్నారు. ఒక పాప బుగ్గరంగు ఇంకో పాప జడకి అంటుకుంది.)

కార్యదర్శి: రాజుగారూ రండి రండి, "కళాపోషక శిరోమణి" మొదటి పేరు మీదే!

రాజుగారు: వస్తన్నా. (మాస్టారి చెయ్యి పట్టుకుని) తేల్చేద్దాం మాస్టారూ. ఆరేళ్లు అన్నారు, నేను నాలుగు నెలలన్నా. మధ్యలో నాలుగున్నరేళ్లకి తెమల్చండి. ఫీజు సగం చేస్తా, టిఫిను మనదే. భోజనం మాత్రం అడక్కండి.

మాస్టారు: మొదటి నాలుగేళ్లు స్టేజీ ఎక్కించకూడదు.

రాజుగారు: మరి ఫొటోలు?

మాస్టారు: కూడదు.

రాజుగారు: గోడకి ఓ అద్దమైనా పెట్టనిస్తారా?

మాస్టారు: అద్దం పెట్టండి.

రాజుగారు: హమ్మయ్య, అద్దవైతే మా బావమరిది కొట్లోనే హోల్‌సేలు. పదండి లోపలికి. ఆ శాలువా మీరే కప్పుకోండి మాస్టారూ, కొత్తదట. ఫొటోలో మధ్యలో మాత్రం నన్ను నిలబెట్టండి.